పావుగంట జబ్బు

సెలవు అడగడం తప్పని నేనెప్పుడూ అనను. నిజమైన కారణం రాయడం మాత్రం తప్పే. ఇన్నేళ్ళ సర్వీసులో పెళ్ళనీ, పేరంటమనీ, పక్కింటాయన పోయాడనీ ఏదో ఒకటి రాసి సెలవు పుచ్చుకున్నన్నాళ్ళూ నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి, ఖర్మకాలి ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు రాశాను. మా సంస్థ ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు.

మాది రాష్ట్ర తాటాకు ఉత్పత్తుల అభివృద్ధి సంస్థ. సామర్లకోట రోడ్డులో పాత రైసు మిల్లు పక్కన మూడంతస్తుల మేడ. ఒకప్పుడు విసనకర్రలూ, బుట్టలూ అభివృద్ధి చేసేవాళ్ళం. జనం కరెంటు ఫ్యాన్లు కొనుక్కున్నాక విసనకర్రల జోలికి పోవడం మానేసి సంస్థనే అభివృద్ధి చేసుకుంటున్నాం. నా పేరు కొప్పిశెట్టి అబ్బులు. అందులో సీనియర్ అసిస్టెంటుని.

మా అక్క మంగతాయారు. కాకినాడలో టిఫిన్ హోటలు నడుపుతుంది. పొయ్యి దగ్గర మా బావ, గల్లాపెట్టె దగ్గర అక్క. ఆవిడ కేకేస్తే నాలుగో వీధిలో ఉన్నవాడు కూడా తిన్న ఇడ్లీకి డబ్బులిచ్చాడో లేదో గుర్తు చేసుకుంటాడు. అలాంటి మనిషి ఎన్నాళ్ళుగానో కడుపులో నొప్పి దాచుకుని, చివరికి రక్తం పడితే ఆసుపత్రికి వెళ్ళింది. పెద్దపేగులో కేన్సరన్నారు. నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆవిడ మాత్రం డాక్టరమ్మని, "ఆపరేషన్ రోజున హోటలు మూసెయ్యాలా, సగం పూటైనా తెరవొచ్చా?" అని అడిగింది.

డాక్టరమ్మ పేరు షాహీనా. నెమ్మదైన మనిషి. రెండు వారాల తర్వాత గురువారం ఆపరేషన్ అని చెప్పి, "మీకు తోడబుట్టినవాళ్ళున్నారా?" అనడిగింది.

"ఇదిగో, వీడొక్కడే," అంది అక్క నన్ను చూపించి.

"అయితే ఈయన కూడా పరీక్ష చేయించుకోవాలి. తోడబుట్టినవాళ్ళకి వస్తే మనకీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. కెమెరా ఉన్న సన్నగొట్టం పంపించి పేగు మొత్తం చూస్తాం. ఏదైనా ఉంటే చిన్న బుడిపెగా ఉన్నప్పుడే తీసేయొచ్చు."

నాకు భయం. ఉన్నమాట చెబుతున్నా, చచ్చేంత భయం. కెమెరా ఎదురుగా ఉంటేనే బిగుసుకుపోయే మనిషిని, అది వెనక నుంచి వస్తుందంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. "అక్క ఆపరేషన్ అయిపోనివ్వండి, ఆనక తీరిగ్గా చూద్దాం," అన్నాను.

అక్క నా వంక ఒక చూపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "నాది గురువారమన్నారుగా, వీడిది ముందు రోజు బుధవారం పెట్టండి. వీడిది అయ్యాకే నేను బల్లెక్కుతా," అంది.

"ఆపరేషన్ ఆలస్యం చెయ్యడం మీకు మంచిది కాదమ్మా."

"ఆ సంగతి వీడికి చెప్పండి," అంది అక్క.

ఆవిడ మాటంటే మాటే. మా నాన్న ఉన్న రోజుల్లోనే ఆ మాటకి అప్పీలు లేదు. బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి నాకు టైమిచ్చారు.

చిక్కల్లా సెలవుతో వచ్చింది. నా క్యాజువల్ సెలవులన్నీ అక్కని స్కానింగుల చుట్టూ తిప్పడంలో అయిపోయాయి. మిగిలింది మెడికల్ లీవు. ఒక్క రోజుకి రాసి, సిబ్బంది వ్యవహారాల సూపరింటెండెంటు భుజంగరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.

"జబ్బేంటయ్యా?"

"జబ్బేం లేదండి."

"మరి మెడికల్ లీవెందుకు?"

"ఉందేమో చూపించుకుందామని."

"ఉంటే తీసుకురా. సెలవిస్తాం."

"ఉందో లేదో సెలవు పెట్టి వెళ్తేగానీ తెలీదండి."

"ఉందని తెలీందే సెలవెలా ఇస్తాం? పోనీ ఇచ్చాననుకో. తిరిగొచ్చి డ్యూటీలో చేరడానికి ఫలానా జబ్బు నయమైందని సర్టిఫికెట్టు తేవాలి. లేని జబ్బు నయమైందని ఏ డాక్టరు రాస్తాడు? రాయకపోతే నిన్ను చేర్చుకోడానికి వీల్లేదు. అంటే ఒక రోజు సెలవడిగి రిటైరయ్యేదాకా ఇంట్లో కూర్చుంటావన్నమాట. నీ మేలు కోరి చెబుతున్నా, వద్దు."

"పోనీ జబ్బుందని రాయనా?"

"అబద్ధం రాస్తే సస్పెన్షన్," అన్నాడాయన చాలా ప్రేమగా.

సరే, వినయంగా ఒక పేజీ నిండా వివరంగా రాశాను. మా అక్కకి ఫలానా జబ్బు వచ్చింది, తోడబుట్టినవాణ్ణి కాబట్టి నాకూ రావచ్చు, వచ్చేదాకా కూర్చోకుండా ముందే పట్టుకోవడం మంచిదని డాక్టర్లంటున్నారు, దయచేసి ఒక్క రోజు, అని. ఆ కాగితం ఏ నక్షత్రంలో రాశానో గానీ అది నేరుగా మా జనరల్ మేనేజరు చిదంబరేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళింది. అరగంటలో నాకు పిలుపొచ్చింది.

చిదంబరేశ్వరరావు గారు దుర్మార్గుడు కాడు. ఉత్సాహవంతుడు. దుర్మార్గుడైతే తట్టుకోవచ్చు. నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. చేతిలో నా కాగితం.

"అబ్బులు గారూ, ఇది సెలవు చీటీ కాదు. విజన్ డాక్యుమెంటు."

"సార్, ఒక్క రోజే..."

"జబ్బు రాకముందే జబ్బుని పట్టుకోవడం! తోడబుట్టినవాళ్ళలో ఉందంటే మనలోనూ ఉండొచ్చని ముందే అనుమానించడం! ఎంత ప్రోయాక్టివ్ ఆలోచన! మన సంస్థలో చూడండి, తప్పు జరిగాక విచారణ చేస్తున్నాం. ఎంత వెనకబాటు! ఇకమీదట తప్పు జరగకముందే విచారణ. చెయ్యబోయేవాణ్ణి చెయ్యకముందే పట్టేస్తాం. ఎలా పడతాం? కుటుంబ చరిత్ర!"

"సార్, నా బుధవారం..."

"మీరు ఈ ఉద్యమానికి పితామహులు. పితామహులు సెలవు అడగకూడదు," అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, క్రమశిక్షణా దోషములు వంశపారంపర్యముగా సంక్రమించు ప్రమాదము గలదని భావించబడినందున, ప్రతి ఉద్యోగియు తన రక్తసంబంధీకుల దోషములను తక్షణమే ప్రకటించవలెను. దోషములు లేని యెడల ఎందుచేత లేవో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మొదట దొరికినవాడు క్యాషియర్ సోమలింగం. వాళ్ళ నాన్న బడిపంతులు, మధ్యాహ్నం క్లాసులో కునుకు తీసేవాడట. పాపం సోమలింగానికి రాత్రిళ్ళే నిద్ర పట్టదు. అయినా హై రిస్క్ అన్నారు. గంటగంటకీ వచ్చి ఆయన కనురెప్పలెత్తి టార్చిలైటు వేసి చూడ్డానికి ఒక గుమస్తాని పెట్టారు. ఆ గుమస్తా రెండో రోజే కుర్చీలో గుర్రు పెడుతూ దొరికాడు. విచారించగా వాళ్ళ వంశంలో పగటి నిద్ర ఎవరికీ లేదని తేలింది. కాబట్టి అతను నిద్రపోలేదని నిర్ధారించారు.

గోడౌన్ చూసే వరహాలు మేనమామ ఎప్పుడో కుర్రతనంలో ఎవరి తోటలోనో కొబ్బరికాయలు దింపుకున్నాడట. వరహాలు నిజాయితీపరుడు కాబట్టి ఆ సంగతి తనే చెప్పాడు. నిజాయితీకి మెచ్చుకుని తాళాలు లాక్కున్నారు. నాకు చుట్టాలెవరూ లేరు, నేనొక్కణ్ణే అన్న ఒక కొత్త మనిషికి ఆ తాళాలిచ్చారు. వారం తిరక్కుండా గోడౌన్‌లో సగం బుట్టలు మాయమయ్యాయి. అతనికి కుటుంబ చరిత్రే లేదు గనక బుట్టలు వాటంతట అవే పోయాయని రాసుకున్నారు.

దాంతో ఆఫీసులో అందరికీ జ్ఞానోదయమైంది. ఎంతమంది చుట్టాలుంటే అంత ముప్పు. ఒకాయన వాళ్ళ నాన్న తనకి ముఖపరిచయం మాత్రమేనని చెప్పాడు. ఇంకొకాయన అత్తారి వైపు వాళ్ళతో పెళ్ళినాటి నుంచీ మాటల్లేవన్నాడు, ఎవరూ అడక్కపోయినా. మా డ్రైవర్లిద్దరూ కవలలు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చి, పక్కపక్కనే నిలబడి, ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదని చెప్పేసి అదే స్కూటరు మీద వెళ్ళిపోయారు.

తర్వాత ఆలస్యాల మీద పడ్డారు. రేపు ఆలస్యంగా రాబోయేవాళ్ళు ఇవాళే సంజాయిషీ ఇవ్వాలి. ఇచ్చి, తీరా రేపు టైముకి వస్తే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఇంకో మెమో. జనం టైముకే వచ్చి, గేటు బయట టీ తాగుతూ, ఆలస్యం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడేవాళ్ళు. టీ బడ్డీవాడు మాత్రం మా జి.ఎం. గారంటే చేతులెత్తి మొక్కేవాడు.

ఇదంతా చూసి నవ్వుకుందామంటే నవ్వు రావడం లేదు. బుధవారం ముంచుకొస్తోంది, సెలవు మంజూరవ్వలేదు. మళ్ళీ భుజంగరావు దగ్గరికి పోయాను. ఆయన బల్ల మీద తల వాల్చి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్నడక్కు అబ్బులూ. సెలవులిచ్చే అధికారం నాకు తీసేశారు."

"అదేంటండీ!"

"మా నాన్న హెడ్మాస్టరు. నాలుగు చినుకులు పడితే బడికి సెలవిచ్చేసేవాడు. ఆ దోషం నాకూ ఉండొచ్చట. హై రిస్కట!" ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నా సర్వీసులో మనస్ఫూర్తిగా ఒక్క సెలవిచ్చి ఎరగనయ్యా. నా మీదా ఈ నింద!"

నేనే ఆయన్ని ఓదార్చి, కాఫీ తెప్పించి తాగించాను. సెలవిచ్చే అధికారం ఇప్పుడెవరిదని అడిగితే, ఎవరిదీ కాదన్నాడు. సెలవులివ్వని వంశంలో పుట్టిన మనిషి కోసం వెతుకుతున్నారట.

ఇంక లాభం లేదని జి.ఎం. గారి గదిలోకే దూరాను. "సార్, నేను పరీక్ష చేయించుకోకపోతే మా అక్క ఆపరేషన్ చేయించుకోనంటోంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది సార్. మీకు దణ్ణం పెడతాను."

ఆయన కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. "అబ్బులు గారూ, మీ సెలవు ఎవరో సూపరింటెండెంటు ఇచ్చే సెలవు కాకూడదు. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి మన ముందస్తు వారోత్సవాలు ప్రారంభం. చైర్మన్ గారు వస్తున్నారు. మీ సెలవు ఉత్తర్వు వారి చేతుల మీదుగా, వేదిక మీద, మీకు బహూకరిస్తాం."

"పన్నెండింటికి పరీక్ష సార్."

"పదికల్లా పంపించే పూచీ నాది."

ఈ సంగతి హోటల్లో అక్కకి చెప్పాను. ఆవిడ ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, "నీకు సన్మానమేంట్రా? ఏం చేశావని?" అంది.

"జబ్బు లేకపోయినా పరీక్షకి ఒప్పుకున్నానని."

"ఒప్పించింది నేను కదా?"

"అవుననుకో."

"సరే. నేనూ బుధవారమే ఆసుపత్రిలో చేరాలి. పదకొండింటికి ఆటోలో మీ ఆఫీసు మీదుగా వస్తా. గేటు దగ్గరుంటే ఎక్కించుకుంటా. లేకపోతే అట్నుంచటే ఆటో తిప్పించుకుని హోటలుకొచ్చి కూచుంటా. ఆపరేషన్ లేదు, గీపరేషన్ లేదు." బావ పొయ్యి దగ్గర్నుంచి నా వంక దీనంగా చూశాడు. ఆ మనిషి అప్పటికే సగమైపోయాడు.

ఇక్కడ ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. పేగు శుభ్రంగా ఉంటే గానీ కెమెరాకి ఏమీ కనబడదు. అందుకని ముందు రోజు సాయంత్రం సగం, ఆ రోజు తెల్లారగట్ల సగం ఒక మందు నీళ్ళు తాగాలి. బక్కెట్లాంటి సీసా నిండా ఇచ్చారు. ఉప్పూ, నిమ్మకాయా కలిసి మన మీద కుట్ర పన్నినట్టుంటుంది రుచి. అది లోపలికెళ్ళాక ఇంట్లో మనకి ఒకే ఒక్క గది గుర్తుంటుంది. ఆ మందు పూర్తిగా తాగి, బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి నేను వేదికెక్కాను.

వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ. అందులో నా ఫోటో, కింద "జబ్బు లేకుండానే పరీక్షకు సిద్ధపడిన త్యాగశీలి" అని. పక్కన స్టాండు మీద తలుపంత ఉత్తర్వు, లామినేషన్ చేయించి, జరీ దండ వేసి ఉంది. ఒక్క రోజు సెలవు. చైర్మన్ గారు సంతకం పెట్టడమే తరువాయి. చైర్మన్ గారి కుర్చీ ఖాళీగా ఉంది. దారిలో ఉన్నారట.

జి.ఎం. గారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. "సభికులారా! నేటి సమాజంలో హోలిస్టిక్ దృక్పథం కొరవడింది..." అన్నారో లేదో నా కడుపులో రైలు బయల్దేరింది. లేచి, దణ్ణం పెట్టి, పరుగు తీశాను. గది తాళం వేసి ఉంది. ముఖ్య అతిథి కోసం ఫినాయిలు వేసి కడిగించి తాళం పెట్టారట. తాళంచెవి భుజంగరావు దగ్గర. భుజంగరావు గేటు దగ్గర, చైర్మన్ గారి కోసం పూలదండ పట్టుకుని.

ఆయన జేబులో చెయ్యి పెట్టి నేనే లాక్కున్నాను. "అది అతిథి మర్యాదల నిమిత్తం..." అని ఆయన ఏదో అంటున్నాడు. ఆ మర్యాద మంటగలవ, వినే స్థితిలో ఎవడున్నాడు!

నేను తేలికపడి తిరిగొచ్చేసరికి సభంతా చప్పట్లు కొట్టింది. "చూశారా!" అన్నారు జి.ఎం. గారు మైకులో. "అవసరం ముంచుకురాకముందే స్పందించడం! ఇదీ ముందస్తు సంస్కృతి!" ఆ తర్వాత నేను లేచినప్పుడల్లా చప్పట్లే. ఒకసారి దారిలో, నాకు కప్పిన శాలువా కాలికి చుట్టుకుని జ్యోతి ప్రజ్వలన కుందె మీద పడబోతే అందరూ లేచి నిలబడి మరీ కొట్టారు.

పదయ్యింది. చైర్మన్ గారు ఇంకా దారిలోనే ఉన్నారు. నేను జి.ఎం. గారి చెవిలో, "సార్, నన్ను వదిలెయ్యండి," అన్నాను. ఆయన మైకుకి చెయ్యడ్డం పెట్టి, "ఉత్తర్వు మీద సంతకం కాకుండా మీరెలా వెళ్తారండీ? పైగా ఇప్పుడు వేదిక మీదున్నారంటే డ్యూటీలో ఉన్నట్టు. డ్యూటీలో ఉన్న మనిషికి ఆ రోజుకి సెలవెలా ఇస్తాం? దీని మీద ఒక కమిటీ వెయ్యాలి," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే పొద్దుటిదాకా కెమెరాకి భయపడ్డాను గానీ, అప్పుడు మాత్రం మా అక్క ఆటో తిప్పించుకుని వెళ్ళిపోతుందన్న భయం తప్ప ఇంకేం లేదు.

పదకొండైంది. గేటు దగ్గర ఆటో హారను కొట్టింది. నేను లేవబోయాను. జి.ఎం. గారు ఆప్యాయంగా నా భుజం నొక్కి కూర్చోబెట్టారు. ఇంతలో హాలు గుమ్మంలో మా అక్క కనిపించింది. తిప్పించుకుని పోలేదు తల్లి! చేతిలో బట్టల సంచీతో, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ నేరుగా వేదిక దగ్గరికొచ్చేసింది.

"ఏమండీ, మావాణ్ణి ఇంకా పంపలేదేం?"

"మీరెవరమ్మా?" అన్నారు జి.ఎం. గారు.

"వీడి అక్కని."

జి.ఎం. గారి మొహం వెలిగిపోయింది. "సభికులారా! మన ఉద్యమానికి మూలకారణమైన మహిళామూర్తి స్వయంగా మన మధ్యకి విచ్చేశారు! ఎవరి అనారోగ్యం మన సంస్థకి ఆరోగ్యాన్ని ప్రసాదించిందో..." అంటూ ఇంకో శాలువా విప్పారు.

"అది అలా ఉంచండి బాబూ," అంది అక్క. "మీ నాన్నగారున్నారా?"

"లేరమ్మా. పోయి చాలా ఏళ్ళైంది."

"ఏం చేసి పోయారు?"

ఆయన గొంతు తగ్గించారు గానీ మైకు చేతిలోనే ఉంది. "ఇదేనమ్మా. పెద్దపేగే."

కవలలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి మీరు చూపించుకున్నారా?"

"నేనా?" అన్నారు జి.ఎం. గారు. శాలువా చేతుల్లో అలాగే ఉండిపోయింది. "నేను... నేను నిర్వహణ వైపున్నానమ్మా."

"పేగుకి నిర్వహణా, గిర్వహణా తెలీదు బాబూ," అంది అక్క మెత్తగా. "ఆటోలో చోటుంది. వస్తారా?"

ఆయన ఖాళీ కుర్చీ వంక చూశారు. "చైర్మన్ గారు రావాలి కదమ్మా."

"మీ ఇష్టం," అని అక్క నా రెక్క పుచ్చుకుని దింపింది. తలుపంత ఉత్తర్వు అక్కడే ఉండిపోయింది. ఈసారి చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

ఆటో ఎలా వెళ్ళిందో నాకు తెలీదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకసారి ఆగాం, అది నా వల్లే. మిగతా దారంతా అక్క ఆటోవాణ్ణి తిడుతూనే ఉంది, గుంత వచ్చినప్పుడల్లా నా కడుపు మీద చెయ్యి అడ్డం పెడుతూ. తన కడుపు సంగతి ఆవిడకి గుర్తున్నట్టే లేదు.

పరీక్ష గురించి చెప్పడానికేం లేదు. సూది వేశారు, పది దాకా లెక్కపెట్టమన్నారు, నాలుగు దాటినట్టు గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి షాహీనా డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. అక్క ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌను వేసుకుని స్టూలు మీద కూర్చుంది.

"రెండు బుడిపెలు కనిపించాయి," అంది డాక్టరమ్మ. "రెండూ అప్పుడే తీసేశాం. ల్యాబుకి పంపించాం. నా అంచనాలో కంగారు పడాల్సినవి కావు. కానీ ఒకటి కాస్త పెద్దది. దాన్ని అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి ఏమయ్యేదో నేను చెప్పలేను."

ఆవిడ వెళ్ళిపోయింది. నేను అక్క మొహం చూడలేకపోయాను. అక్క మాత్రం ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. అలా ఇలా కాదు, పక్క మంచాలవాళ్ళు లేచి చూసేలా, ఊపిరాడకుండా.

"ఏంటే ఆ నవ్వు?"

"ఈ జబ్బు నాకే ఎందుకొచ్చిందిరా దేవుడా అని ఈ నెల్లాళ్ళూ పూజగదిలో ఆయన్ని తిట్టని తిట్టు లేదు. నాకు రాకపోతే నువ్వీ పరీక్షకి వచ్చేవాడివా?"

"చచ్చినా వచ్చేవాణ్ణి కాదు."

"మరదే!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "వెధవ రోగం, ఒకందుకు పనికొచ్చింది." అప్పుడు నేను ఏడ్చాను. ఆవిడ చూసీ చూడనట్టు కిటికీ తెర సర్దుతూ కూర్చుంది.

సాయంత్రం భుజంగరావు బత్తాయిలు పట్టుకుని పరామర్శకొచ్చాడు. నన్ను మూడు మాటలు, డాక్టరమ్మని ముప్పై మాటలు అడిగి వెళ్ళాడు. అది ఎందుకో మర్నాడు పొద్దున్న తెలిసింది.

గురువారం పొద్దున్న అక్కని చక్రాల మంచం మీద ఆపరేషన్ గదికి తీసుకుపోతున్నారు. నేనూ, బావా చెరోవైపు నడుస్తున్నాం. తలుపుల దాకా వచ్చేసరికి నా ఫోను మోగింది. జి.ఎం. గారు.

"అబ్బులు గారూ, నిన్న మీరు ఉత్తర్వు స్వీకరించకుండా వేదిక దిగిపోయారు. అయినప్పటికీ మానవతా దృక్పథంతో మీ కేసు పరిశీలించడమైనది. బుడిపె కనబడేవరకు మీకు జబ్బు లేదు, కావున మెడికల్ లీవు వర్తించదు. బుడిపె తీసేసిన పిమ్మట జబ్బు లేదు, కావున అప్పుడూ వర్తించదు. కనబడినది మొదలు తీసేసినంత వరకు పావుగంట. సదరు పావుగంటకు మాత్రం సెలవు మంజూరు చేయడమైనది. మిగతా కాలాన్ని గైర్హాజరుగా పరిగణిస్తూ..."

"అలాగే సార్," అన్నాను. ఆ క్షణంలో ఆయన నా ఉద్యోగం తీసేశానన్నా అలాగే అనేవాణ్ణి.

ఫోను పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. తర్వాత ఆయన గొంతు వచ్చింది గానీ, అది ఆయనదేనా అన్నట్టుంది.

"అబ్బులు గారూ... నొప్పి పుడుతుందా?"

నేను బదులు చెప్పేలోగా అక్క మంచం మీది నుంచి చెయ్యి చాచింది. "ఎవర్రా, మీ మేనేజరేనా? ఇలా ఇవ్వు." తోసేవాళ్ళు తొందరపడుతుంటే, "ఉండండి బాబూ, ఒక్క నిమిషం," అని ఆపింది.

"నొప్పేం పుట్టదు బాబూ. మత్తిస్తారు. ఆ మందు నీళ్ళు తాగడమే నరకం, మిగతాది ఉత్తిదే. వచ్చే బుధవారం రండి, డాక్టరమ్మకి మావాడు చెబుతాడు. ఆ... ఆ... భయమెందుకూ, మావాడే భయపడలేదు. ఒక్కరూ రాకండి, వాడు తోడొస్తాడు." ఫోను నా చేతిలో పెట్టి, "ఒరే అబ్బులూ, ఆయన్నొక్కణ్ణీ పంపకు," అంది. తర్వాత బావ వైపు తిరిగి పప్పు నానబోశావా అనడిగింది. ఆయన తలూపాడు. "ఇంక పదండి," అంది తోసేవాళ్ళతో.

తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్ర లైటు వెలిగింది. బావ బెంచీ మీద కూలబడిపోయాడు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.

"కాఫీ కూడా తాగకూడదాండీ?" అన్నారు జి.ఎం. గారు.

"తాగకూడదు సార్."

"అక్కగారిని లోపలికి తీసుకెళ్ళారా?"

"ఇప్పుడే సార్."

అటువైపు భుజంగరావు గొంతు వినిపిస్తోంది, మీటింగుకి అందరూ వచ్చి కూర్చున్నారు సార్ అని. మళ్ళీ ఒకసారి పిలిచాడు. జి.ఎం. గారు ఫోను పెట్టలేదు.